పక్క నలగని గది

జూన్ 3

ఒరే చిన్నోడా,

నువ్వు చెప్పినట్టే వచ్చి దిగాను. పదిహేడో అంతస్తు. కిటికీ పక్కన కూర్చుని హోటల్ వాళ్ళ కాగితం మీద, హోటల్ వాళ్ళ పెన్నుతోనే రాస్తున్నాను. రెండూ మన ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చట. కౌంటరు దగ్గరి అమ్మాయిని రెండుసార్లు అడిగి మరీ ముట్టుకున్నాను.

ముందు సిగ్గు సంగతి చెప్పనీ. మన వీధి చివర బస్సెక్కి, కునుకు పట్టేలోపు దిగి, పెట్టె పట్టుకుని సొంత ఊళ్ళోనే హోటల్లో దిగడం ఏమిట్రా? గడప దాటుతుంటే ఎదురింటావిడ "ఏ ఊరు ప్రయాణం?" అంది. నోటికొచ్చిన ఊరు చెప్పేశాను. అదే నా ఖర్మ. ఆ ఊళ్ళో వాళ్ళ పిన్నత్తగారు ఉన్నారంటూ ఒక పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది, అందజేయమని. అది ఇప్పుడు నా ఎదురుగా బల్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది. దీన్నేం చెయ్యాలో నువ్వే చెప్పు.

"ఇంట్లో కూర్చుంటే నీకు ఆలోచనలు రావక్కా, అంట్లు వస్తాయి" అన్నావు. నిజమే అనుకో. ఊరూరా హోటళ్ళలో దిగీ దిగీ నువ్వు కూడబెట్టిన ఉచిత రాత్రులన్నీ నా పేరున రాయించావు. కాదంటే నొచ్చుకుంటావని వచ్చాను. నెలాఖరు దాకా ఇక్కడే. ఆ కొండ మీద నీకు ఫోను అందదు కాబట్టి ఉత్తరాలే గతి. ఒకందుకు అదే నయం. ఫోనులో అయితే నేను చెప్తూ ఉంటాను, నువ్వు "ఊఁ ఊఁ" అంటూ ఇంకేదో స్క్రూ బిగిస్తూ ఉంటావు.

అందుకే ఆ రోజు జరిగింది పూర్తిగా రాస్తున్నాను, సగం సగం విని ఉంటావు. పెన్షను పని మీద ఆసుపత్రికి వెళ్ళి మందుల కిటికీ దగ్గర ఆగాను. ఎన్నేళ్ళు చేశానురా అక్కడ, కిటికీకి ఇటు నేను, అటు కాంపౌండరు గారు. ఆయన మాత్రలు లెక్కపెడుతూనే, తలెత్తకుండా, "సిస్టరుగారూ, జూన్ ఆఖరుకి రిటైరవుతున్నాను. మా అమ్మాయి వాళ్ళ ఊరొచ్చి ఉండమంటోంది. మీకు అభ్యంతరం లేకపోతే వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నాను" అన్నారు. నాకెందుకండీ అభ్యంతరం, హాయిగా ఉండండి అన్నాను. ఆయనకి లెక్క తప్పిపోయింది. మాత్రలన్నీ మళ్ళీ పళ్ళెంలో పోసి మొదటి నుంచి మొదలుపెట్టి, "ఉండడమంటే, మీతో" అన్నారు.

నెలాఖరులోపు చెప్తానన్నాను. మంచివారే. వాళ్ళావిడ పోయి చాలా కాలమైనా గుండీ ఊడిన చొక్కా వేసుకోగా నేను చూడలేదు. కానీ నా భయం నాది. అమ్మ మంచాన పడ్డప్పటి నుంచి ఇంట్లో ఒక రోగి, వార్డులో బోలెడు మంది రోగులు. ఇప్పుడు ఈయన. ఈయనకి బీపీ ఉంది, మోకాళ్ళు ఉన్నాయి. ఒప్పుకుంటే నేను భార్యనవుతానా, మళ్ళీ డ్యూటీలో చేరతానా? ఇది తేలక వచ్చి కూర్చున్నాను.

ఇక్కడ కిటికీ తెరుచుకోదు. కింద బస్సులు చప్పుడు లేకుండా పోతున్నాయి, మనుషులు నోళ్ళు కదుపుతున్నారు గాని మాట వినబడదు. వరండాలో పరిచిన తివాచీ నా అడుగులు మింగేస్తోంది. ఎంతసేపు చూసినా ఇది మన ఊరే అని నమ్మబుద్ధి కావడం లేదు.

వేళకి తిను. ఎత్తులో పని చేసేటప్పుడు ఆ నడుం తాడు కట్టుకో.

నీ అక్క


జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం సామాన్ల జీపులో సిమెంటు బస్తాల మధ్య వచ్చింది. దులుపుకుని చదివాను. ఇక్కడ ఆనకట్ట లోపలికి దిగే లిఫ్టు బిగిస్తున్నాం. పొద్దున్నే మబ్బులోకి నడిచి వెళ్తాం, సాయంత్రం మబ్బులోంచి బయటికి వస్తాం. పక్కన నిలబడ్డ మనిషి కూడా గొంతుగానే తెలుస్తాడు. నా రేకుల షెడ్డులో దుప్పటి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

నువ్వున్న ఆ గది నాకు కొట్టిన పిండి. ఏ ఊళ్ళో పని పడ్డా ఆ కంపెనీ హోటలే, ఏ ఊళ్ళో దిగినా అదే గది. తలుపు తీయగానే ఎడమ పక్క బీరువా, కుడి పక్క స్నానాల గది, మంచం పైన గోడకి నీలం పడవ బొమ్మ. చూశావా? తెల్లారి కళ్ళు తెరిస్తే ఆ పడవే కనబడుతుంది, ఏ ఊళ్ళో ఉన్నానో మాత్రం గుర్తు రాదు. కాసేపు అలాగే పడుకుంటాను. ఆ కాసేపూ నాకు ఊరూ ఉండదు, పనీ ఉండదు, వయసూ ఉండదు. అదేం బాధగా ఉండదక్కా, తేలుతున్నట్టు ఉంటుంది.

మొన్న మధ్యాహ్నం షెడ్డులో ఒరిగితే కల వచ్చింది. నేను ఆ గదిలోకే వచ్చాను. కిటికీ పక్క కుర్చీలో నువ్వు కూర్చుని రాస్తున్నావు. "చెప్పులు బయట విప్పు" అన్నావు. కలలో కూడా అదే మాట. విప్పడానికి వంగితే నేల మీదంతా మబ్బు, చెప్పులు కనబడలేదు. మేస్త్రీ ఈల ఊదితే లేచాను.

పొట్లం పోస్టులో వేసెయ్. గదిలో ఏ పనీ ముట్టుకోకు. టీ కావాలంటే ఫోను చేసి తెప్పించుకో, నువ్వే కింది దాకా వెళ్ళి కప్పు పట్టుకుని నిలబడకు.

ఇక కాంపౌండరు గారి విషయం. అందులో ఆలోచించడానికి ఏముంది? సరే అనెయ్. అంత నెమ్మదైన మనిషి దొరకడు. నా గురించి అసలు ఆలోచించకు. నాకు ఏ ఊళ్ళో అయినా గది దొరుకుతుంది. ఈ వారమే సరే అనెయ్.

నడుం తాడు కట్టుకునే ఉన్నాను. చూడాలంటే వచ్చి చూసుకో.

చిన్నోడు


జూన్ 13

చిన్నోడా,

పడవ చూశాను. అది వెళ్తోందా, వస్తోందా? నాకైతే ఆగినట్టు ఉంది.

నా దినచర్య రాస్తాను, నవ్వకు. చీకటి విడిపోతుండగానే మెలకువ వస్తుంది. లేవగానే పక్క దులిపి, దుప్పటి నాలుగు మూలలూ వార్డులో మడిచినట్టు బిగించి మడుస్తాను. గ్లాసు కడిగి బోర్లిస్తాను, స్నానాల గది నేల తుడిచి తువాలు ఆరేస్తాను. బట్టలు ఎప్పటికప్పుడు పెట్టెలోకి, పెట్టె బీరువాలోకి. చెయ్యకపోతే ఊరుకోలేనురా. ఎవరో ఒకావిడ వచ్చి నా పక్క దులపడమా? నా కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. ఆవిడ వచ్చే వేళకి నేను డాబా మీదికి వెళ్ళిపోతాను. పొట్లాన్ని కూడా నాతోనే తీసుకెళ్తాను, పరాయి సొత్తు కదా. మన వీధిలో ఏ ఇంటావిడైనా ఇంతే కదా, పనిమనిషి వస్తోందంటే ముందుగా ఇల్లు సర్దుకుంటుంది.

ఒకటే చికాకు. గదిలో ఫోను అదే పనిగా మోగుతోంది. ఇంతకు ముందు దిగిన వాళ్ళ కోసం అయి ఉంటుందని నేను ఎత్తడం లేదు. నాకెవరు చేస్తారు ఇక్కడికి?

కింద టిఫిన్ల హాల్లో ఒకాయన రోజూ పెళ్ళికి వెళ్తున్నట్టు తయారై వచ్చి, ఒక్క ఉడకబెట్టిన గుడ్డు తిని, కోటు సర్దుకుని వెళ్ళిపోతాడు. నిన్న లిఫ్టులో ఇంకొకాయన, ఏవో యంత్రాలు అమ్మే మనిషట, ఎంతో మర్యాదగా "ఏమనుకోకండమ్మా, ఇది ఏ ఊరు?" అని అడిగాడు. చెప్పాను. "అయితే నిన్ననే వెళ్ళిపోవాల్సింది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతుండగానే తలుపు తెరుచుకుంది, తివాచీ మీద చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

డాబా మీద చిన్న ఈత కొలను ఉంది. ఎండ ముదరకముందు ఎవరూ ఉండరు. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటాను. మబ్బులు నీళ్ళలో పడి నా పాదాల కిందుగా పోతుంటాయి. ఏదో ఒకటి ఆలోచిద్దామనే వెళ్తాను, ఏ ఆలోచనా నిలవదు. ఈ గదిలో ఉన్నానో లేనో నాకే తెలియడం లేదు. కౌంటరు దగ్గర ఎవరున్నా "ఇంకేమైనా కావాలా అమ్మా?" అంటారు. ఏమీ వద్దంటాను. పైకి వచ్చాక, నిజంగానే ఏమీ వద్దా అని కూర్చుంటాను. ఇన్నేళ్ళూ అందరికీ ఏం కావాలో చూడడంలోనే సరిపోయింది, నాకేం కావాలో అడిగితే నోట మాట రావడం లేదు.

మొన్న సాయంత్రం కాళ్ళు అటు తీసుకెళ్ళాయి, ఆయన వీధి వైపు. మేడ మీద ఆయన చొక్కాలు ఆరేస్తున్నారు. ఒక్కొక్కటీ రెండుసార్లు విదిలించి, చేతులు సాపు చేసి మరీ వేస్తున్నారు. నేను చెట్టు నీడన నిలబడి చూశాను. పిలవలేదు. ఇంకాసేపు అక్కడే ఉంటే మెట్లెక్కి వెళ్ళిపోయేదాన్నేమో.

"సరే అనెయ్, సరే అనెయ్" అని చెవిలో జోరీగలా మొదలుపెట్టావు. నీకెందుకురా అంత తొందర?

అక్క


జూన్ 18

గౌరవనీయులైన అక్కగారికి,

హోటల్ వాళ్ళు మా సైటు ఆఫీసుకి కబురు పంపారు. గదిలో చాలా రోజులుగా ఎవరూ పడుకుంటున్న జాడ లేదట. పక్క వేసింది వేసినట్టే ఉంటోందట, గ్లాసులు కదలడం లేదట, ఫోను చేస్తే ఎత్తేవారు లేరట. గది ఉంచాలా, వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలా అని నన్ను అడిగారు. మా గుమాస్తా ఆ కబురు భోజనాల దగ్గర అందరిలో గట్టిగా చదివాడు.

మీ పదమూడో తారీఖు ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. గదిలో ఉన్నానో లేనో తెలియడం లేదన్నారు. మెట్లెక్కి వెళ్ళిపోయేదాన్నేమో అన్నారు. ఎక్కారని ఇప్పుడు అర్థమైంది. నాకు సంతోషమే. ఒక్క మాట చెప్పి ఎక్కి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

కాంపౌండరు గారికి కూడా ఈ జీపులోనే ఉత్తరం వేస్తున్నాను. మా అక్క చెప్పకుండా వచ్చేసిందని చులకన చెయ్యవద్దనీ, జాగ్రత్తగా చూసుకోవాలనీ రాశాను. ఇంట్లో నా పెట్టె, నా సైకిలు ఉన్నాయి. సెలవు దొరికినప్పుడు వచ్చి తీసుకెళ్తాను. అంతవరకు వాటికి చోటు ఉంచవలసింది.

గది ఉంచమనే చెప్పాను. ఎప్పుడైనా కాగితాల కోసం వస్తారేమోనని ఈ ఉత్తరం హోటల్‌కే పంపుతున్నాను.

ఇట్లు,
మీ తమ్ముడు


జూన్ 19

చిన్నోడా,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. జీపు రాలేదా? మబ్బులోనే తిరుగుతోందా?

మొన్న డాబా మీద వాన పట్టుకుంది. లేచి వెళ్దామనే అనుకున్నాను. నీళ్ళలో నీళ్ళు పడుతుంటే చూస్తూ ఉండిపోయాను, వాన వెలిసింది. అప్పటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. కంగారు పడకు, మాత్ర వేసుకున్నాను.

నిన్న మధ్యాహ్నం ఒక విచిత్రం జరిగింది. కింద టీ తాగి లిఫ్టెక్కాను, దిగాను, వరండా వెంట వచ్చాను. నా గది తలుపు తెరిచి ఉంది. లోపలికి వెళ్ళాను. అదే మంచం, అదే కుర్చీ, అదే పడవ. బల్ల మీద మాత్రం పొట్లం లేదు. బీరువా తీశాను, నా పెట్టె లేదు. ఎంతకీ అర్థం కాలేదురా. ఒంట్లో వేడి కూడా ఉందేమో, నేను గది ఖాళీ చేసి వెళ్ళిపోయాననుకున్నాను. ఎవరినో వెతకడానికి వచ్చి, ఆ మనిషి వెళ్ళిపోయిందని తెలిసినట్టు, ఆ కుర్చీలో కూర్చున్నాను. కిటికీలోంచి ఊరు తెల్లగా, మెత్తగా కనబడుతోంది. చాలాసేపటికి చూస్తే అది పదహారో అంతస్తు.

గబగబా పైకి వచ్చి నా గది తలుపు తీశాను. బల్ల మీద పొట్లం ఉంది, బీరువాలో పెట్టె ఉంది. అవి తప్ప ఆ గదికీ ఈ గదికీ ఏ తేడా లేదు. ఇన్ని రోజులు ఉన్నాను, నేను ఉన్నట్టు ఎక్కడా గుర్తు లేదు. మంచం అంచున కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో కూడా తెలియకుండా ఏడ్చాను.

రాయలేకపోతున్నాను, అక్షరాలు తేలుతున్నాయి. కాసేపు పడుకుంటాను.

అక్క


జూన్ 23

అక్కా,

"గది ఖాళీ చేసి వెళ్ళిపోయాననుకున్నాను" అని నీ చేత్తోనే రాశావు. మళ్ళీ పైన హోటల్ కాగితం, అడుగున పదహారో అంతస్తు, పదిహేడో అంతస్తు అంటూ కథ. నాతో ఈ దాగుడుమూతలు దేనికి? నేనేం పరాయివాణ్ణా? ఆయన ఇంట్లో కూర్చుని హోటల్ పుస్తకంలోంచి కాగితాలు చించి రాస్తున్నావని తెలియనంత చిన్నవాణ్ణి కాదు.

జ్వరం అన్నావు. అది కూడా కథలో భాగమేనా, నిజమేనా? అది ఒక్కటి చెప్పు. మిగతావి నీ ఇష్టం.

పని ఆపేసి వచ్చేద్దామనుకున్నాను. లిఫ్టు తీగ సగంలో వేలాడుతోంది, వదిలితే కింద మనుషులున్నారు.

చిన్నోడు


జూన్ 26

ఒరే తలతిక్క వెధవా,

నువ్వు గౌరవనీయులైన అక్కగారు అన్నప్పుడే అనుకున్నాను, పుట్టి ముంచి ఉంటావని. ఇప్పుడు చదువు. జ్వరం నిజమే, తగ్గింది. నిదానంగా చదువు.

నీ ఉత్తరం కాంపౌండరు గారికి ఆసుపత్రిలో అందింది. "మా అక్క మీ దగ్గరికి వచ్చేసినందుకు" అని మొదలుపెట్టావట. ఆయన ఆ కాగితం పట్టుకుని తన ఇంటికి పరిగెత్తారు. నేను లేను. మన ఇంటికి వెళ్ళారు, తాళం. ఎదురింటావిడ, "ఊరెళ్ళారుగా, మా పిన్నత్తగారికి పొట్లం కూడా ఇచ్చాను, ఇంకా అందలేదట" అందట. హోటల్ గది ఇంకా ఉంచానని నీ ఉత్తరం అడుగున పేరుతో సహా రాశావు కదా, అది చూసి ఇక్కడికి వచ్చారు. కౌంటరు వాళ్ళు, "ఆ గదిలో ఎవరూ పడుకోవడం లేదండీ" అన్నారు. నీకు నేను ఆయన దగ్గర ఉన్నాను, ఆయనకి నేను ఎక్కడా లేను. అక్కడే సోఫాలో కూర్చుండిపోయారట. ఎవరైనా వచ్చి అడిగితే, "ఆవిడ వస్తారు" అని మాత్రం అన్నారట.

నేను పైన పడి ఉన్నాను. లేచే ఓపిక లేదు, పక్క సర్దే ఓపిక అంతకన్నా లేదు. గదులు సర్దే ఆవిడ ఎప్పటిలా తలుపు తీసి, లోపలికి ఒక అడుగు వేసి, కెవ్వున అరిచింది. "అమ్మా! మీరు ఉన్నారా?" అంది. వెంటనే ఫోనెత్తి, "పదిహేడులో మనిషి ఉంది! పక్క నలిగింది!" అని కింది వాళ్ళకి చెప్పింది. జ్వరంలో నాకు అది ఏదో శుభవార్తలా వినబడింది. ఆ తర్వాత ఆవిడే నా పక్కన కూర్చుని, "రోజూ ఇంత చక్కగా ఎవరమ్మా సర్దింది, మా వాళ్ళలో ఒక్కరికీ ఇలా మడవడం రాదే అని తల బద్దలుకొట్టుకున్నాను" అంది.

అప్పుడు ఆయన వచ్చారు. తలుపు బయటే నిలబడి, "సిస్టరుగారూ, లోపలికి రావచ్చా?" అన్నారు. రమ్మన్నాను. వచ్చారు, నన్ను చూశారు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, ఆ గది అదిరేలా అరిచారు. "కాదనాలంటే కాదనండి! నేను మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను. కనబడకుండా మాత్రం పోకండి!" అన్నారు. వెంటనే తానే బెదిరిపోయి, "నాలుక చాపండి" అన్నారు. చాపాను.

మూడు రోజులు వచ్చారు. పొద్దున్న డ్యూటీకి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. మందు పొడులు కాగితంలో మడిచి తెచ్చేవారు. నాకు తెలుసు, ఇప్పుడు అలా ఎవరూ మడవరు, పొడులు కంపెనీ కవర్లలోనే వస్తాయి. పొట్లం కథ చెప్తే నవ్వు ఆపుకుంటూ దాని మీద పిన్నత్తగారి చిరునామా రాసి పోస్టులో వేసి వచ్చారు. జ్వరం తెరలు తెరలుగా వచ్చేది. కళ్ళు తెరిచినప్పుడల్లా కిటికీ పక్క కుర్చీలో ఆయన కనబడేవారు, వెనక ఆకాశం, ఆయన ఆ ఆకాశంలోనే కూర్చున్నట్టు ఉండేది. మళ్ళీ మూసుకునేదాన్ని. ఒకసారి మెలకువ వచ్చి, దుప్పటి మూల జారిందని లేచి సర్దబోయాను. "పడుకోండి. ఇది మీ వార్డు కాదు" అన్నారు. పడుకున్నాను. అలా పడుకుని ఒకరు నా కోసం నీళ్ళు వంపుతుంటే వినడం ఎంత బాగుంటుందో ఇన్నాళ్ళూ నాకు తెలియదురా. వార్డులో అందరినీ అలా పడుకోబెట్టాను, అది ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఇంకా ఆయనకి ఏమీ చెప్పలేదు. చెప్పే ముందు నీ సంగతి తేలాలి. నీ ఉత్తరం ఆయన నాకు చూపించారు. నీ పెట్టె, నీ సైకిలు తీసుకెళ్తావా? ఎక్కడికి తీసుకెళ్తావు? అదే చేత్తో నాకేమో ఈ వారమే సరే అనెయ్ అని రాశావు. నిజం చెప్పు, నా పెళ్ళి నీకు ఇష్టమేనా? నెలాఖరు దగ్గర పడింది. నీ జవాబు ఆలోగా రాదని తెలుసు, అయినా అడుగుతున్నాను.

అక్క


జూన్ 29

అక్కా,

జీపు ఇవాళ అనుకోకుండా వచ్చింది. నీ ఉత్తరం నిలబడే చదివాను. పక్కవాడు "ఏమైంది?" అంటే, "మా అక్క ఉంది" అన్నాను. ఎక్కడుంది అన్నాడు. ఉందిలే అన్నాను.

ఏ మొహం పెట్టుకుని రాయను? మూలలు మడుస్తూ పెరిగిన మనిషివి నువ్వు. చిన్నప్పుడు నా పక్క కూడా నేను లేచీ లేవకముందే బిగించేసేదానివి, ఒక్కోసారి నాతో సహా. హోటల్ వాళ్ళు పక్క నలగలేదు అనగానే నాకు ముందు తట్టాల్సింది అది. తట్టలేదు. కళ్ళు మూసుకుపోయాయి.

ఎందుకు మూసుకుపోయాయో అడిగావు కాబట్టి చెప్తాను. నీ పెళ్ళి నాకు ఇష్టమే. ఆయనంటే ఇష్టమే. కానీ నాకు భయంగా ఉందక్కా. ఏ ఊళ్ళో దిగినా, హోటల్ కాగితంలో ఇంటి చిరునామా అని ఉన్న చోట నీ చిరునామానే రాస్తాను. అది రాస్తున్నంత సేపూ నాకు ధైర్యంగా ఉంటుంది. నువ్వు ఆయన ఇంటికి వెళ్ళిపోతే అక్కడ ఏం రాయాలో నాకు తెలియదు. పన్ను పీకించుకునేటప్పుడు తొందరగా పీకెయ్యండి అంటాం చూడు, అలా సరే అనెయ్ సరే అనెయ్ అని నీ ప్రాణం తీశాను. నువ్వు చెప్పకుండా వెళ్ళిపోయావనుకున్న రోజు నాకు కోపం కాదు వచ్చింది, ఏడుపొచ్చింది. కోపంగా రాస్తే కనబడదనుకున్నాను.

ఈ మాట విని నువ్వు ఆగిపోకు. అదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. నిన్న మళ్ళీ కలలో ఆ గది వచ్చింది. కుర్చీలో నువ్వు లేవు, కాంపౌండరు గారు ఉన్నారు. చెప్పులు విప్పమనలేదు. "కూర్చో బాబూ" అన్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నాను.

ఒంట్లో ఎలా ఉంది? దాచకుండా రాయి.

చిన్నోడు


జూలై 5

చిన్నోడా,

ఇంటి నుంచి రాస్తున్నాను. హోటల్లోంచి ముప్ఫయ్యో తారీఖున వచ్చేశాను. జ్వరం పూర్తిగా పోయింది, నోరు మాత్రం ఇంకా చేదుగా ఉంది.

నీ జవాబు రాకముందే నేను చెప్పేశాను. నీ కోసం ఆగలేదు, ఆగి ఉంటే నువ్వే తిట్టేవాడివి. ఆయన ఆఖరి డ్యూటీ రోజున ఆసుపత్రికి వెళ్ళి మందుల కిటికీ ముందు అందరితో పాటు వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. తలెత్తకుండా "చీటీ?" అన్నారు. "చీటీ లేదండీ, సరే అని చెప్పడానికి వచ్చాను" అన్నాను. ఆయన అలాగే నా వెనకాయన్ని చూసి "ఆ, తర్వాత!" అన్నారు. వెనక నిలబడ్డ పెద్దాయన, "బాబూ, ఆవిడేదో చెప్పింది, ముందు అది వినండి" అన్నాడు. అప్పుడు తలెత్తారు. లేచి, కళ్ళజోడు వెతుక్కుని, అది మొహం మీదే ఉందని తెలుసుకుని, పక్క తలుపు తీసుకుని ఇటు వైపు వచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన కిటికీకి ఇటు వచ్చి నా పక్కన నిలబడడం అదే మొదటిసారి. నాకంటే పొట్టిగా ఉన్నారురా! ఇద్దరం వరుస చివర దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాం.

నీ ఉత్తరం నిన్న అందింది. ఇద్దరం చదివాం. ఆయనది అద్దె ఇల్లే కాబట్టి, ఆయనే ఇక్కడికి వస్తారు. నేను ఎక్కడికీ పోవడం లేదు. నీ గది వైపు ఆయన కన్నెత్తి చూడలేదు, నేను చూడనివ్వలేదు. నీ పెట్టె, నీ సైకిలు ఉన్న చోటే ఉన్నాయి. నువ్వు ఏ ఊళ్ళో ఏ కాగితం నింపినా అదే చిరునామా రాసుకో. నా జ్వరంలో నాకు తెలిసిందేమిటంటే, ఒక మనిషి వచ్చి పక్కన కూర్చున్నంత మాత్రాన గది ఇరుకైపోదు. నువ్వు నా కొడుకువో తమ్ముడివో నాకే సరిగ్గా తెలియదు, అది ఏ పెళ్ళీ మార్చలేదు.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో. ఇవాళ పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. అక్కడి గుమాస్తా పేర్లు రాసుకున్నాడు, వయసులు రాసుకుని కాస్త దగ్గాడు, సాక్షులు ఎవరన్నాడు. ఆయన తరఫున వాళ్ళమ్మాయి వస్తోంది. నా తరఫున మా తమ్ముడు అన్నాను. ఏ తేదీ వెయ్యమంటారు అన్నాడు. కాంపౌండరు గారు నా వైపు చూశారు.

"మా తమ్ముడు కొండ దిగిన మర్నాడు" అన్నాను.

"అది ఏ తేదీ అమ్మా?" అన్నాడు గుమాస్తా, పెన్ను పట్టుకుని.

"తెలియదు బాబూ, వాడు ఉత్తరం రాయాలి" అన్నాను.

అక్క